టక్కుమనని వారం

బదిలీ కబురు వచ్చేసరికి నా చేతులు రెండూ జిడ్డుగా ఉన్నాయి. ఒక వాయి వేగిన అరటికాయ ముక్కల్ని సీసా అడుగుతో అదిమి, రెండో వాయికి పళ్ళెంలో పరుస్తున్నాను. కిటికీ గట్టు మీద ఫోను కిచకిచమంది. ఆల్డన్ వచ్చి అందుకుని చదివాడు, మళ్ళీ చదివాడు, ఆ తర్వాత నన్ను నడుం పట్టి ఎత్తి వంటింట్లో మూడు చుట్లు తిప్పాడు.

“దించండి! నూనె కాగుతోంది!”

“కాగనీ! యోర్లే, లిమోన్‌లోనే ఇచ్చారు నీకు! మన వీధి చివరి బడి! ఇంక కొండెక్కక్కర్లేదు!”

మా కార్తాగో వైపు మొగుణ్ణీ మీరనే అంటాం, కుక్కపిల్లనీ మీరనే అంటాం. ఆల్డన్‌కి అది భలే సరదా. నేను మీరు అన్నప్పుడల్లా వెనక్కి తిరిగి, కుక్కపిల్ల ఎక్కడుందా అని వెతికేవాడు. ఆ రోజు ఆ వేళాకోళం కూడా మరిచిపోయాడు. మాకు పెళ్ళయి ఆరు వారాలు. అందులో కలిసి ఉన్నవి తొమ్మిది రోజులు.

“రెండో పేరా చదివావా?” అని ముందు గదిలోంచి మిస్ క్లెరిస్ అడిగింది.

మిస్ క్లెరిస్ ఆల్డన్ వాళ్ళ అమ్మమ్మ. అతన్ని పెంచింది ఆవిడే. మేం ఉంటున్నదీ ఆవిడ ఇంట్లోనే, కొయ్య దుంగల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు, పైన రేకులు. ఆవిడ తాతలు రైలు పట్టాలు వెయ్యడానికి జమైకా నుంచి వచ్చినవాళ్ళు, అందుకని ఇంట్లో పుట్టుకతో ఇంగ్లిషు. ప్రార్థన మందిరం వెనక గదిలో నలభై ఏళ్ళు ఊరి పిల్లలకి ఆ భాష చెప్పింది. డెబ్బై తొమ్మిదేళ్ళు. పాలవాడి నుంచి పాస్టరు దాకా ఊరంతా ఆవిణ్ణి మిస్ అనే పిలుస్తారు. నేనూ అంతే.

ఆల్డన్ రెండో పేరా చదివాడు. నన్ను మెల్లగా కిందికి దించాడు.

సెలవులవగానే లిమోన్ బడిలో చేరొచ్చు గాని, బదిలీకి ఒక షరతుంది. జూలై ఆఖరి శుక్రవారం టీచర్లకి ఇంగ్లిషు పరీక్ష పెడతారు. అందులో కావలసిన స్థాయి వస్తే లిమోన్ బడి నాది. రాకపోతే ఆగస్టు ఒకటిన తిరిగి పాత బడికే.

ఆ పరీక్ష కిందటేడు ఒకసారి రాశాను, ఆరు మార్కులతో పోయింది. మార్కుల కాగితం కింద నా జబ్బు పేరు కూడా రాశారు. విశేషణాల పక్కన వచ్చే చిన్న మాటలు రావట. భయం పక్కన ఆఫ్, నేర్పు పక్కన ఎట్, ఆసక్తి పక్కన ఇన్. ఎందుకని అడిగితే ఏ పుస్తకమూ చెప్పదు. మా స్పానిష్‌లో పెళ్ళికి ‘తో’ వాడతాం. ఇంగ్లిషువాళ్ళు ఆ ‘తో’ని ప్రేమకి ఇచ్చేసి, పెళ్ళికి ఇంకోటి తగిలించారు. చదువుకున్నదాన్నే, పెద్ద పెద్ద మాటలు బోలెడు వచ్చు. ఈ రెండక్షరాల పురుగులు మాత్రం నా చేతికి చిక్కవు.

“ఇంకా ఇరవై అయిదు రోజులుందిగా,” అన్నాడు ఆల్డన్.

“ఇరవై నాలుగు,” అంది మిస్. “ఇవాళ్టిది వేపుడులో పోయింది. రేపు మూడింటికి బల్ల దగ్గరికి రా అమ్మాయ్. అల్లం టీ నేను పెడతా. ఏడుపు నువ్వు తెచ్చుకో.”

నవ్వుతూనే అరటికాయలు తిన్నాం. కాని నాకు పాత బడి దారే గుర్తొస్తోంది. నా పాత బడి తలమాంక కొండల్లో. రెండు బస్సులు, ఒక పడవ, ఆ పైన నాలుగు గంటల నడక. మే నెలలో ఏరు పొంగి పడవ పక్కకి ఒరిగిపోయినప్పుడు, పిల్లల కోసం తీసుకెళ్తున్న సుద్దముక్కల పెట్టె కొట్టుకుపోయింది. నేను ఒక చెట్టు కొమ్మ దొరికి మిగిలాను. ఆ సంగతి ఆల్డన్‌కి చెప్పాను గాని ఆ కొమ్మని ఎంతసేపు పట్టుకుని ఉన్నానో చెప్పలేదు. నీళ్ళ రంగు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. అదే ఏరు ఆగస్టులో ఇంకా పొంగుతుంది.

*

మిస్ పద్ధతి ఊళ్ళో అందరికీ తెలుసు. కుట్టుపనికి వేలికి తొడుక్కునే ఇత్తడి తొడుగు ఒకటి ఆవిడ కుడిచేతి నడిమి వేలికి ఎప్పుడూ ఉంటుంది. మనం మాట్లాడుతూ ఉండాలి. తప్పొస్తే ఆ వేలితో బల్ల మీద ఒక్కటి కొడుతుంది, టక్. అంతే. తప్పేమిటో చెప్పదు, ఒప్పేమిటో అసలే చెప్పదు. “తప్పు నీది. వెతుక్కునేదీ నువ్వే,” అంటుంది. టక్ వినపడలేదంటే ఒప్పు చెప్పినట్టు. మెచ్చుకోలు అనేది ఆవిడ దగ్గర లేదు, ఆ నిశ్శబ్దమే మెచ్చుకోలు.

మొదటిరోజు ఆల్డన్ రేవులో పని ముగించుకొచ్చి, వినోదం చూడ్డానికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“ఐ యామ్ మ్యారీడ్ విత్ ఆల్డన్,” అన్నాను.

టక్.

“మ్యారీడ్... ఇన్?”

టక్.

“నాలోపల పెళ్ళాడిందట,” అన్నాడు ఆల్డన్.

“మ్యారీడ్ ఆఫ్?”

టక్.

“అయిపోయింది. నా పెళ్ళి రద్దు. నా పాత మంచం ఎక్కడుందో చూసుకుంటా.”

“కూర్చోరా వెధవా,” అంది మిస్. “ఏడేళ్ళప్పుడు నువ్వు ఫుట్‌బాల్ నాకు బాగా వచ్చు అని ఒక్క వాక్యం సరిగ్గా చెప్పలేక మూడురోజులు నిలబడ్డావు.”

“అసలు ఆటే సరిగ్గా రాదు కదమ్మమ్మా, వాక్యం ఎలా వస్తుంది?”

నవ్వి నవ్వి నాకు టీ పొలమారింది. ఆఖరికి ‘టు’ దొరికింది. టక్ వినపడలేదు. ఆ నిశ్శబ్దం ఎంత తియ్యగా ఉందో చెప్పలేను. పాస్టరు చేసిన పెళ్ళి ఒకటి, మిస్ బల్ల దగ్గర అయినది ఒకటి అనుకున్నాను.

గోడమీది క్యాలెండరులో రోజుకిన్ని టక్కులని రాసుకోవడం మొదలుపెట్టాను. మొదటిరోజు ముప్ఫై ఒకటి. నాలుగోరోజు ఇరవై రెండు. ఎనిమిదోరోజు తొమ్మిది. బడికి సెలవులు, బయట వాన, లోపల మేం ముగ్గురం. పొద్దున్నే బెల్లం నీళ్ళు కాచుకుని, ఒకే గ్లాసులో చెరో గుక్క తాగుతూ ఆల్డన్‌ని రేవు బస్సు దాకా దిగబెట్టేదాన్ని. ఒక గొడుగు, నాలుగు తడిసిన భుజాలు. అతను బస్సు కిటికీలోంచి గాజు మీద వేలితో ‘టక్’ అని రాసి చూపించేవాడు.

పదకొండోరోజు రెండే రెండు టక్కులు. పన్నెండోరోజు సున్నా.

పదమూడోరోజూ సున్నా. నేను గంటంబావు ఆపకుండా మాట్లాడాను. కోపం, గర్వం, అలసట, బాధ్యత, అన్నింటినీ చిన్న మాటలతో జత కట్టుకుంటూ పోయాను. మిస్ నా మొహంలోకే చూస్తూ కూర్చుంది. తొడుగున్న వేలు బల్ల మీద కదల్లేదు.

“ఆల్డన్! విన్నారా? ఒక్కటి కూడా పడలేదు!”

ఆల్డన్ నన్ను మళ్ళీ ఎత్తి తిప్పాడు. కార్తాగోలో ఉన్న మా అమ్మకి ఫోను చేసి, ఇంక భయం లేదు, నేర్చేసుకున్నాను అని చెప్పాను. అమ్మ సంబరపడింది. ఏటి సంగతి ఆవిడకీ తెలుసు. ఆ వారం నేను కంటినిండా నిద్రపోయాను.

*

సెలవులయ్యాక కొత్త బడిలో చేరిన నాలుగోరోజు మా హెడ్‌మిస్ట్రెస్ దోన్యా ఫ్లోరిబెత్ నన్ను తన గదిలోకి పిలిచింది. పాత ప్రశ్నపత్రం ఒకటి బల్ల మీద పెట్టింది.

“వచ్చే శుక్రవారం గురించి బెంగ పెట్టుకోకండి. ఇవి ఖాళీలు పూరించే నలభై వాక్యాలు, మీకు చిటికెలో పని. మీరు ఉండాలని నాకూ ఉంది, ఆరో తరగతి వాళ్ళకి మీరంటే అప్పుడే ప్రాణం.”

హాయిగా రాశాను. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. ఆవిడ ఎర్ర పెన్ను తీసి దిద్దుతుంటే నేను కిటికీలోంచి మైదానంలో నిలిచిన నీళ్ళు చూస్తూ, పిల్లల చేత కాగితం పడవలు చేయించాలని ఆలోచిస్తున్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. “పదిహేడు.”

“పదిహేడు తప్పులా?”

“పదిహేడు ఒప్పులమ్మా.”

నాకు అర్థం కాలేదు. కాగితం లాక్కుని చూశాను. నిన్న మధ్యాహ్నం మిస్ ముందు చెప్పిన వాక్యాలే చాలా ఉన్నాయి అందులో. నేను ఎలా చెప్పానో అలాగే రాశాను. అన్నిటిమీదా ఎర్ర గీతలు.

“ఎవరు నేర్పుతున్నారు మీకు?”

“మిస్ క్లెరిస్.”

దోన్యా ఫ్లోరిబెత్ నవ్వబోయి ఆగింది. “నేనూ ఆవిడ దగ్గరే చదివాను. ఒకే ఒక్క తప్పుకి ఎండలో మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. మిస్ క్లెరిస్ ఇలాంటివి వదిలిపెట్టదు.” కాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉండిపోయింది. “ఒంట్లో బాగుందా ఆవిడకి?”

బడి నుంచి ఇంటికి నాలుగు వందల అడుగులు. ఆ రోజు నాకు ఆ నాలుగు వందలూ చాల్లేదు. వాన చప్పుడులో టక్ వినపడలేదేమో అనుకున్నాను. పాపం చెవులు మందగించాయేమో అనుకున్నాను. నన్ను చూసి జాలిపడిందేమో అనుకున్నాను, మరుక్షణమే కొట్టిపారేశాను. మిస్‌కి జాలి ఉండొచ్చు గాని తప్పుమీద ఉండదు. గొడుగు తెరిచి పట్టుకున్నానో లేదో కూడా తెలియలేదు, మెట్లెక్కి చూసుకుంటే జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

మూడు గంటలకి మామూలుగానే బల్ల దగ్గర కూర్చున్నాం. వాన వెలిసింది. రేకుల మీంచి ఒక్కొక్క చుక్కే జారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎదురింటి కోడి కాలితో మట్టి గీరడం కూడా వినపడుతోంది.  చేతులు బల్ల కింద దాచుకుని, మొదటిరోజు వాక్యం చెప్పాను.

“ఐ యామ్ మ్యారీడ్ విత్ ఆల్డన్.”

మిస్ నా నోటి వైపు చూసింది. తర్వాత కళ్ళలోకి చూసింది. బట్టలు తడిసి వచ్చిన పిల్ల దగ్గర తల్లి వెతికినట్టు నా మొహమంతా వెతికింది. తొడుగున్న వేలు రవ్వంత లేచి, ఆగి, మళ్ళీ బల్ల మీద వాలిపోయింది.

“బాగుంది,” అంది.

 నలభై ఏళ్ళలో ఆ ఊళ్ళో ఎవరూ ఆవిడ నోట ఆ మాట విన్న పాపాన పోలేదు.

*

మర్నాడు మధ్యాహ్నం బడిలో సెలవు చెప్పి, భోజనాల వేళ రేవు గేటు దగ్గరికి వెళ్ళాను. ఆల్డన్ కొబ్బరి అన్నం డబ్బా పట్టుకుని గోడ నీడలోకి వచ్చాడు. నన్ను చూడగానే మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు నా చేత్తోనే ఆర్పాలి.

చెప్పాను. పదిహేడు మార్కులు చెప్పాను, నేను పెట్టిన పరీక్ష చెప్పాను, ‘బాగుంది’ అన్న మాట చెప్పాను.

“వాన చప్పుడు,” అన్నాడు.

“వాన లేదండీ.”

“చెవులు. వయసు కదా.”

“నేను గొంతు పెంచలేదు, మీ అమ్మమ్మ నా పెదాలే చూస్తోంది. వినిపించింది. తప్పో ఒప్పో తెలియలేదంతే.”

ఆల్డన్ డబ్బా మూత పెట్టేశాడు. “నీకు మార్కులు రాలేదు. దానికి మా అమ్మమ్మకి పిచ్చెక్కిందంటావా?”

“నేను అలా అన్లేదు.”

“ఎలా అన్నావు మరి? నలభై ఏళ్ళు ఈ ఊరిని దిద్దిన మనిషి. నువ్వొచ్చి మూడు వారాలు కాలేదు, ఆవిణ్ణి దిద్దుతున్నావా?”

అతను నా మీద గొంతెత్తడం అదే మొదలు. రేవులో క్రేనులు తిరుగుతున్న చప్పుడు, నా చెవుల్లో గాలి చప్పుడు. “అన్నం తినండి, చల్లారిపోతుంది,” అన్నాను. ఆ ‘తినండి’ విని అతను వెనక్కి తిరిగి చూడలేదు, కుక్కపిల్ల కోసం వెతకలేదు. లోపలికి వెళ్ళిపోయాడు.

బస్సులో ఇంటికి వస్తూ కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాను. పరీక్ష పోతే ఏటి అవతల ఒంటరిగా నేను. ఇవతల ఆల్డన్ పనికి వెళ్ళాక రోజంతా ఒంటరిగా ఆవిడ. పొయ్యి మీద టీ గిన్నె పెట్టి, ఎందుకు పెట్టానా అని చూస్తూ నిలబడిపోతే? కొండ మీద ఫోను కూడా పనిచెయ్యదు. ఎన్నో రోజులుగా నా ఒక్కదాని గురించే భయపడ్డాను. ఇప్పుడు ఆ భయం ఇల్లంతా పరుచుకుంది.

*

శనివారం తెల్లవారుతూనే మెలకువ వచ్చింది. ఆల్డన్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. వంటింట్లో దీపం వెలుగుతోంది.

మిస్ బల్ల దగ్గర కూర్చుని ఉంది. ముందు చిన్నపిల్లల మొదటి వాచకం తెరిచి ఉంది, అట్ట ఊడిపోయి దారంతో కుట్టినది. పేజీ నిండా చొక్కా గుండీలు. ఒక్కొక్క వాక్యంలో ఒక్కొక్క చిన్న మాట మీద ఒక్కొక్క గుండీ పెట్టింది. నేను వచ్చింది చూసుకోలేదు. వేలితో వాక్యం చదువుతూ గుండీ దగ్గర ఆగింది. పెదాలు కదిలాయి. గుండీ ఎత్తి కింద చూసింది. కాదన్నట్టు తనలో తనే తలూపింది. తర్వాతి గుండీ దగ్గరా అంతే.

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. గుండీలు తీసేస్తుందేమో అనుకున్నాను, తియ్యలేదు.

“పెద్ద మాటలన్నీ ఉన్నాయి పిల్లా,” అంది. “నలభై ఏళ్ళ కిందటి పిల్లల పేర్లు హాజరు పట్టీ వరసలో చెప్పగలను. చిన్నవే పోతున్నాయి. ఏదో ఒకటి రావాలని తెలుస్తుంది. ఏదో మాత్రం తెలియదు. అన్నీ ఒకేలా వినిపిస్తాయి.”

“ఎప్పట్నుంచి మిస్?”

“ఈస్టర్ నుంచి కొంచెం కొంచెంగా. నీతో మొదటి వారం లాక్కొచ్చాను. రాత్రి చదువుకుని, మధ్యాహ్నం నీకు పెట్టేదాన్ని. తర్వాత అదీ నిలవలేదు.”

“మరి నాతో ఎందుకు చెప్పలేదు?”

వేలి తొడుగు తీసి బల్ల మీద పెట్టింది. వేలు ఆ చోట తెల్లగా, ముడతలు పడి ఉంది.

“కొట్టకపోతే ఒప్పనుకుంటావని తెలుసు. కాని ఒప్పు చోట కొడితే? నీకు వచ్చినది కూడా పోగొట్టినదాన్నవుతాను. అందుకని వేలు ఎత్తలేదు. ఒకవేళ నీకు నిజంగానే వచ్చేసిందేమో అని నీ మొహంలో చూసేదాన్ని. నువ్వు నవ్వుతూ ఉండేదానివి.” ఆవిడ గొంతు చిన్నదైంది. “భయమేసింది పిల్లా. ఇది చెప్పేస్తే ఇంక నేను ఎవర్ని?”

ఆవిడ చేతిమీద చెయ్యి వేశాను.  

వెనకాల చెక్క నేల కిర్రుమంది. ఆల్డన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎప్పట్నుంచి నిలబడ్డాడో తెలియదు.  పొయ్యి వెలిగించి, బెల్లం నీళ్ళకి గిన్నె పెట్టాడు. మూడు గ్లాసులు తీసి, కడిగినవే అయినా మళ్ళీ కడిగాడు. చాలాసేపు కడిగాడు.

గ్లాసు నా ముందు పెడుతూ, “నిన్న నేను అన్నది...” అని ఆగాడు.

“తాగండి,” అన్నాను.

*

ఆ సోమవారం పొద్దున వీధి ఆరోగ్య కేంద్రానికి ముగ్గురం వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చింది. నరాల డాక్టరు దగ్గర వరస ఏడాది పైనే ఉందని కూడా చెప్పింది. ఏడాది అన్న మాట విని ఆల్డన్ టోపీ నలుపుతూ కూర్చున్నాడు.

మధ్యాహ్నాలు బల్ల దగ్గర కూర్చోవడం మానలేదు. దోన్యా ఫ్లోరిబెత్ జవాబుల కాగితం ఇచ్చింది. మిస్ దాన్ని పట్టుకుని, నేను చెప్పిన ప్రతి వాక్యాన్నీ వేలు పెట్టి సరిచూసేది. “ఆగు, ఆగు, తొందరపడకు, వెతుక్కోనీ,” అనేది. ఒక్కోసారి తప్పు లైను చూసేది, నేను ఒప్పు చెప్పినా తల అడ్డంగా ఊపేది. అప్పుడు ఇద్దరం కాగితం మీద పడి కొట్టుకునేవాళ్ళం.

“మిస్, అది పందొమ్మిది. నేను ఇరవై చెప్పాను.”

“ఇరవై ఎవరు చెప్పమన్నారు నిన్ను? వరసగా పోవాలి.”

“పందొమ్మిది ఇందాకే అయింది.”

“అయిందా? నాకు చెప్పకుండా?”

నవ్వేవాళ్ళం, నవ్వాక భయపడేవాళ్ళం. మంగళవారం నలభైకి ఇరవై ఆరు. బుధవారం ఇరవై తొమ్మిది. కావలసినవి ముప్ఫై రెండు. రాత్రి భోజనం దగ్గర ఆల్డన్ ఉప్పు అందిస్తూ కూడా ఒక విశేషణం అడిగేవాడు. తప్పు చెప్తే ఉప్పు ఇచ్చేవాడు కాదు. ఆ వారం చప్పిడి చాలా తిన్నాను.

గురువారం మధ్యాహ్నం ముప్ఫై ఒకటి వచ్చింది. ఇంకొక్కటి. ఆ ఒక్కటి కోసం మళ్ళీ మొదలుపెడుతుంటే ఫోను మోగింది. ఆసుపత్రి నుంచి. ఎవరో రాలేమన్నారట, నరాల డాక్టరు దగ్గర ఒక చోటు ఖాళీ అయింది. రేపు ఉదయం ఎనిమిదింటికి. ఇప్పుడు వద్దంటే మళ్ళీ వరసలో చివరికి.

రేపు ఎనిమిదింటికే నా పరీక్ష.

“వస్తామని చెప్పు,” అన్నాడు ఆల్డన్. “రేవులో నేను మాట్లాడుకుంటా. ఒక్కరోజు క్రేను నేను లేకుండా తిరుగుతుందిలే.”

చెప్పి ఫోను పెట్టేశాను. “నేను కూడా వస్తాను మిస్. పరీక్ష మళ్ళీ ఏడాది...”

“నోర్ముయ్,” అంది మిస్. “నువ్వు ఆసుపత్రిలో కుర్చీ బరువు పెంచడానికా? ఆ కొండకి తిరిగి పోతావా? ఆ ఏరు దాటుతావా? నాకేమన్నా అయితే ఈ ఇంట్లో ఎవరుంటారనుకున్నావు?” ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. పట్టు గట్టిగా ఉంది. “నువ్వు ఉండాలి. ఉండాలంటే రాయాలి.”

ఆల్డన్ కిటికీ వైపు తిరిగాడు.  తర్వాత మిస్ గొంతు తగ్గించి నన్నే అడిగింది.

“ఏం అడుగుతాడు వాడు నన్ను?”

“ఎవరు?”

“డాక్టరు. ఆరోగ్య కేంద్రంలో నర్సు నీతో ఏదో చెప్పింది, నేను చూశాను.”

దాచడం చేతకాలేదు. “ఇవాళ ఏ వారం, ఏ నెల అని అడుగుతారట. గడియారం బొమ్మ గియ్యమంటారట. అయిదు మాటలు చెప్పి, కాసేపయ్యాక మళ్ళీ చెప్పమంటారట.”

“ఏ అయిదు మాటలు?”

“అది ముందే ఎవరికీ చెప్పరు మిస్.”

“అన్యాయం,” అంది. “పాఠం చెప్పకుండా పరీక్షేంటి? నేను నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా అలా చెయ్యలేదు.” కాగితం ముందుకి లాక్కుని ఒక గుండ్రం గీసింది. మంచి గుండ్రం, పలక మీద వేల సార్లు గీసిన చెయ్యి. పన్నెండు వేసింది, ఆరు వేసింది. పెన్సిల్ ఆగింది. మేమిద్దరం చూస్తున్నాం. ఆవిడ తల ఎత్తకుండానే అంది, “ఇద్దరూ అలా చూస్తే నాకేది వస్తుంది? అవతలికి తిరగండి.”

తిరిగాం. ఆల్డన్ చెయ్యి నా చేతిని వెతుక్కుంటూ వచ్చింది. వెనకాల పెన్సిల్ గీరుతున్న చప్పుడు, ఆగిన చప్పుడు, మళ్ళీ గీరిన చప్పుడు. తర్వాత కాగితం మడతపెట్టిన చప్పుడు. ఏం గీసిందో చూపించలేదు, మేం అడగలేదు.

“ఇటు తిరగండి. వినండి,” అంది. గొంతు తరగతి గది గొంతు. “రేపు అయిదింటికి లేస్తాం. ఆరున్నరకి ఈ పిల్ల పరీక్షకి పోతుంది. నేనూ ఆల్డనూ ఆసుపత్రికి పోతాం. ముందు ఎవరు బయటపడితే వాళ్ళు సముద్రం గోడ దగ్గరికొచ్చి కూర్చోవాలి. వాన పడినా సరే. ఆల్డన్ మడతలో కారం కైమా పెట్టి కాల్చిన పాతీలు కొంటాడు, తలకి రెండు. అవి తినేదాకా ఎలా జరిగిందని ఎవరూ ఎవర్నీ అడక్కూడదు. తిన్నాకే.”

“తిన్నాక ముందెవరు చెప్పాలి అమ్మమ్మా?”

“నేను,” అంది మిస్. “మరిచిపోకముందే చెప్పెయ్యాలి కదా.”